దారానికి దొరకని నొప్పి

ఒకానొక రాజ్యంలో యుద్ధగాయాలను దారంతో కొలిచేవారు. మచ్చ నాలుగు వేళ్ళ పొడవుంటే మాన్యం, ఎనిమిది వేళ్ళుంటే కోట కావలి నుంచి సెలవు కూడా. ఈ శాసనం రాయించినవాడు విక్రమదుర్జయ మహారాజు. ఆయన ఒంటి మీద గోరంత మచ్చయినా లేదు గానీ, గాయాల సంగతి తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం.

ఒకనాడు ఎర్రపోతు అనే ముసలి బంటు కర్ర ఊతంగా సభకు వచ్చాడు. పన్నెండేళ్ళ కిందట శత్రువు బల్లెం అతని ఎడమ మోకాలిని చీల్చింది. అప్పుడు మచ్చ ఆరు వేళ్ళు తేలింది. మాన్యం వచ్చింది, సెలవు రాలేదు.

"దొరా, ఇన్నేళ్ళూ ఎడమకాలు ఈడ్చుకుంటూ బరువంతా కుడివైపే మోశాను. ఇప్పుడు కుడి తుంటి పట్టేసింది. కోటకు మున్నూరు మెట్లు. ఎక్కలేను. కావలికి రాకుంటే మాన్యం లాగేసుకుంటామంటున్నారు. ఈ తుంటిని కూడా ఆ గాయంలో కలిపి రాయించండి."

లేఖకుడు దారం పట్టుకుని తుంటి మీద వెతికాడు. మచ్చ కనిపించలేదు.

"తుంటిలో ఎవడు పొడిచాడు?" అన్నాడు రాజు.

"ఎవరూ పొడవలేదు దొరా."

"మచ్చ లేనిదే నొప్పి లేదు. బల్లెం మోకాలికి తగిలితే తుంటి ఏడవడమేమిటి? పౌర్ణమికల్లా మెట్లెక్కు. లేదా మాన్యం వదులుకో."

సభంతా తల ఊపింది. కొలువులో హాస్యగాడు గొంకన ఒక్కడే ఊపలేదు. ఆ బల్లెం తగిలిననాడు ఎర్రపోతు కాపు కాస్తున్నది రాజుగారి డేరానేనని అతనికి తెలుసు. ఒళ్ళు మండింది. అయినా చెప్పి లాభమేముంది? రాజుగారి చెవులు పొగడ్తలకు తప్ప తెరుచుకోవు.

అతను తిన్నగా రాజుగారి పావుకోళ్ళు చేసే వడ్రంగి దగ్గరికి వెళ్ళాడు.

"కొత్త జతలో కుడిదాన్ని అర వేలెడు ఎత్తుగా చెక్కు."

"తల పోతుంది గొంకనయ్యా."

"పోతే నాదే పోతుందిలే."

రాజు కొత్త పావుకోళ్ళు తొడుక్కుని ఒక పక్కకు ఒరుగుతూ సభకు వచ్చాడు. "ఏమి నడక, మదగజమే నడిచి వస్తున్నట్టుంది," అన్నాడు మహామంత్రి. మూడోనాటికి మంత్రులందరూ ఒరుగుతూ నడవసాగారు. ఎనిమిదోనాడు రాజు పడక మీంచి లేవలేకపోయాడు.

"నడుము విరిగిపోతోంది. వైద్యుణ్ణి పిలవండి."

వైద్యుడికంటే ముందు గొంకన దారం పట్టుకుని వచ్చాడు. రాజుగారి నడుమంతా శ్రద్ధగా వెతికాడు.

"మచ్చ లేదు ప్రభూ. శాసనం ప్రకారం తమకు నొప్పి లేదు. లేవండి, సభకు వేళయింది."

"నొప్పితో చస్తుంటే లేదంటావేమిరా?"

గొంకన పావుకోళ్ళు రెండూ తెచ్చి రాజు కళ్ళెదుట పక్కపక్కనే పెట్టాడు. రాజు వాటిని మార్చి మార్చి చూశాడు.

"ఒకటి ఎత్తుగా ఉంది. అందుకే నడుము పట్టేసింది."

"ఎత్తు పాదం కింద కదా ప్రభూ, నడుము ఏడవడమేమిటి?"

"ఓరి మూఢుడా, అడుగు వంకరైతే నడుము మీదికి రాదూ?" అన్నాడు రాజు. అని, నాలుక కరుచుకున్నాడు.

"ఏలినవారు ఎనిమిది రోజులు నడిచారు. ఎర్రపోతు పన్నెండేళ్ళు నడిచాడు. చెక్కించింది నేనే, శిక్షిస్తే నన్నే శిక్షించండి. అతనికి మాత్రం ఆ బల్లెం మీ డేరా వాకిట తగిలింది ప్రభూ."

రాజు కోపంతో లేవబోయాడు. నడుము లేవనివ్వలేదు. తన అవస్థకు తనకే నవ్వొచ్చింది. నవ్వితే నడుము కలుక్కుమంది, అయినా నవ్వాగలేదు. దారం తెంపించి, గాయం వల్ల పుట్టిన నొప్పి కూడా గాయమేనని శాసనం తిరగరాయించాడు. ఎర్రపోతుకు కావలి తప్పింది, మాన్యం నిలిచింది. రాజు తన చేతి కంకణం తీసి గొంకనకు తొడిగాడు.

మర్నాడు దండం పెట్టి పోదామని వచ్చిన ఎర్రపోతు సభ వాకిట అరుగు మీద కూర్చున్నాడు. ఒరగడం మానమని రాజుగారు ఇంకా ఆజ్ఞ ఇవ్వలేదు గనక, మంత్రులు వరసగా కుంటుకుంటూనే వస్తున్నారు. ముసలివాడికి జాలేసింది. పక్కకు జరిగి మహామంత్రికి చోటిచ్చి, మెల్లగా అడిగాడు:

"తమరికి ఏ యుద్ధంలో తగిలింది బాబూ?"