జంటపాదు కోనమ్మ పాదం ఎత్తిన కథ

రాయలసీమ కొండల నడుమ ఎర్రమట్టి దారి ఎక్కడ ఆగిపోతుందో అక్కడే జంటపాదు గ్రామం మొదలవుతుంది. బస్సు దిగిన భక్తులకు ముందుగా గోపురం కనబడదు, గులాబీల వాసన తగులుతుంది. ఆ వాసనలో మరువం కూడా కలిసి ఉందని కాస్త దూరం నడిచాక తెలుస్తుంది. కోనమ్మవారి గుడి చిన్నది, గుడి ముందరి తోట పెద్దది. తోటలోని ప్రతి పాదులోనూ ఒక నాటు గులాబీ పొద ఉంటుంది. దాని మొదట్లో మరువమో, కనకాంబరమో, బిళ్ళగన్నేరో నేలంతా కప్పుకొని ఉంటుంది. ఒంటి గులాబీ ఉన్న పాదు ఈ తోటలో ఎంత వెదికినా దొరకదు. ఊరికి ఆ పేరు అందువల్లనే వచ్చింది.

గర్భగుడిలో అమ్మవారు నిలబడి దర్శనమిస్తారు. కుడి పాదం పీఠం మీద ఆని ఉంటుంది. ఎడమ పాదం మాత్రం పీఠానికి అంటకుండా కొంచెం పైకి లేచి ఉంటుంది. ఆ సందులో నిత్యం ఒక మరువపు కట్ట కనబడుతుంది. తొలిసారి వచ్చినవారు శిల్పి ఏదో పొరపాటు చేశాడనుకుంటారు. అది నాట్యభంగిమ అని వివరించే పండితులూ ఉన్నారు. ఊళ్ళోని ఆడవాళ్ళు ఆ వివరణ మర్యాదగా విని, పక్కకు పోయి నవ్వుకుంటారు. మండే నేల మీద చెప్పుల్లేకుండా నిలబడిన వాళ్ళెవరైనా అలాగే కాలు ఎత్తుతారని వారికి తెలుసు.

పూర్వం ఇక్కడ, పాళెగాళ్ళ కాలంలో, అమ్మవారికి పూలసేవ చేసే ఒక కుటుంబం ఉండేది. ఇంటికి పెద్దవాడు గంగన్న. అతని భార్య నాంచారమ్మ. ఒక ఏడు గంగన్న కళ్ళు పుసికట్టి, ఎర్రబడి, చూపు మందగించి, చివరికి ఎదుట నిలబడ్డ మనిషి కూడా అతనికి కనబడలేదు. నాంచారమ్మ గులాబీ రేకులతో పన్నీరు తీసి రోజూ భర్త కళ్ళు కడిగేది. కడుగుతూ కోనమ్మకు మొక్కుకుంది. ఆయనకు చూపు వస్తే, తన ఒంట్లో ప్రాణం ఉన్నంత కాలం అమ్మ మెడలో గులాబీ దండ తప్పనివ్వనన్నది ఆ మొక్కు. చూపు వచ్చింది. కళ్ళు తెరిచిన గంగన్న మొదట చూసింది భార్య మొహాన్ని కాదనీ, దూలానికి వేలాడే పెరుగు ఉట్టిని అనీ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ నాటి నుంచి నాంచారమ్మ గులాబీ తోటను పూజగదిని చూసుకున్నట్టు చూసుకుంది. మడి కట్టుకోకుండా తోటలో అడుగు పెట్టేది కాదు. తెల్లవారకముందే పాదులు ఊడ్చేది. గడ్డిపరకను మొలవనిచ్చేది కాదు, రాలిన ఆకును నేల మీద ఉండనిచ్చేది కాదు. మట్టిని అరచేత్తో చదును చేసి, కళ్ళాపి చల్లి, ఒక్కొక్క గులాబీ చుట్టూ ముగ్గు పెట్టేది. చూడవచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. భక్తి అంటే నాంచారమ్మదే అన్నారు. గులాబీలకు ఎలా ఉందో ఎవరూ అడగలేదు.

కొంతకాలానికి గంగన్న తమ్ముడికి పెళ్ళయింది. కొత్తకోడలి పేరు సుంకులమ్మ. ఆమె కాపురానికి వస్తూ పుట్టింటి పెరట్లోని మరువాన్నీ కనకాంబరాన్నీ వేళ్ళతో తీసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. ఏడాది పొడవునా బతికే మొక్కలవి. ఎండను ఓర్చుకుంటాయి, కొమ్మ విరిగితే మళ్ళీ చిగురిస్తాయి. వచ్చిన మరునాడే ఆమె వాటిని ఇష్టంగా ఒక గులాబీ మొదట్లో నాటింది. అక్క వరసైన నాంచారమ్మకు చూపించి మెప్పు పొందాలని ఆ పిల్ల ఆశ.

నాంచారమ్మ చూసింది. చుట్టాలందరూ ఇంకా ఇంట్లో ఉండగానే ఆ మొక్కలను వేళ్ళతో సహా పీకి కంపదడి మీదుగా అవతలికి విసిరేసింది. అమ్మవారి పువ్వు పక్కన పెరటి మొక్క నిలవకూడదన్నది. మడీ ఆచారమూ తెలియని ఇంటి నుంచి వచ్చిన చెయ్యి ఈ పాదుల్లో పడకూడదని కూడా అన్నది.  సుంకులమ్మ దడి చుట్టూ తిరిగి పోయి, ఎండలో పడి ఉన్న మొక్కలను ఏరుకొని, దడికి బయటివైపు వరుసగా నాటుకుంది. ఆ రోజు మొదలు తోడికోడళ్ళ మధ్య మాటలు లేవు. ఒకే పొయ్యి ముందర కూర్చొని కూడా ఉప్పు అందుకోవాలంటే గంగన్నను పిలిచేవారు. పాపం, ఆయన పొలం పనికంటే ఈ పనికే ఎక్కువ అలిసేవాడు.

ఇలా ఏళ్ళు గడిచాక ఈ సీమకు పెద్ద ఎండకాలం వచ్చింది. ఊడ్చి ఊడ్చి గట్టిపడిన పాదుల్లో పోసిన నీరు ఇంకకుండా పక్కకు జారిపోయింది. ఇంకిన కొంచెం నీటినీ మిట్టమధ్యాహ్నపు ఎండ పీల్చేసింది. గులాబీల అడుగుకొమ్మలు ఆకురాల్చి బోసిపోయాయి, మొగ్గలు విచ్చకుండానే మాడాయి. అమ్మవారి దండ పొట్టిదవుతూ వచ్చింది. పాదాల దాకా ఎన్నడూ రాని ఆ దండ నడుము నుంచి రొమ్ముకూ, రొమ్ము నుంచి మెడకూ ఎక్కింది. చివరకు పూలకంటే దారమే ఎక్కువ కనబడసాగింది.

ఒక సాయంత్రం గంగన్న అరుగు మీద కూర్చొని కళ్ళు నులుముకున్నాడు. పడింది దుమ్మే కావచ్చు. నాంచారమ్మ మాత్రం దుమ్మనుకోలేదు. దండ ఆగిన రోజున ఆయన చూపు కూడా ఆగిపోతుందని ఆమె భయం. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోదగిన మనిషి ఇంట్లో ఒక్కతే ఉంది, ఆమెతో మాటలు లేవు. నాంచారమ్మ ఇంకా తొందరగా లేచి, ఇంకా శుభ్రంగా పాదులు ఊడ్చింది.

మరునాడు ఎంత వెదికినా తోటలో ఒక్క పువ్వు దొరకలేదు. సాయంకాలపు పూజకు దండ లేదు. నాంచారమ్మ మధ్యాహ్నం దాకా తోటలోనే తిరిగి, సొమ్మసిల్లినట్టు గుడి మంటపంలో కూలబడి నిద్రలోకి జారింది. కలలో ఆమె ఊడ్చిన పాదు నడుమ ఒక స్త్రీ నిలబడి ఉంది. పట్టుచీర, మెడలో వట్టి దారం. ఆమె ఒక కాలు దించి ఇంకో కాలు ఎత్తుతూ ఉంది.

“కాళ్ళు కాలతాండాయి నాంచారీ,” అన్నది. “నా కాళ్ళ కాడ కూచున్నదాన్ని ఎందుకు ఎళ్ళగొడితివి?”

నాంచారమ్మ ఉలిక్కిపడి లేచి తోటలోకి పరుగెత్తింది. ముగ్గు చెదురుతుందని ఆమె ఎన్నడూ ఆ పాదుల్లో ఎండవేళ కాలు పెట్టి ఎరగదు. ఆ రోజు పెట్టింది. అరికాలు చుర్రుమంది. చప్పున ఎడమకాలు ఎత్తి, అలాగే నిలబడిపోయింది. అప్పుడు ఆమె కళ్ళు దడి మీద పడ్డాయి. దడి వెంట ఉన్న గులాబీల వేళ్ళు కంప కింద నుంచి అవతలికి పాకాయి. కొమ్మలు దడి దాటి అటువైపు వంగాయి. ఆ వంగిన కొమ్మలకు పూలున్నాయి. ఆమె కంపలోంచి చెయ్యి దూర్చి అవతలి మరువపు ఆకుల కింద అరచెయ్యి పెట్టి చూసింది. చేతికి ముళ్ళు గీరుకొని నెత్తురు వచ్చింది. ఆకుల కింద మట్టి చల్లగా ఉంది.

ఈసారి ఆమె గంగన్నను పిలవలేదు. తానే దడి చుట్టూ నడిచిపోయి, మరువానికి నీళ్ళు చిలకరిస్తున్న తోడికోడలి ఎదుట నిలబడింది. కల చెప్పింది, భర్త కళ్ళ గురించిన భయం చెప్పింది, మొక్కలు కావాలని అడిగింది. సుంకులమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది. ఇన్నేళ్ళ మౌనం ఒక్క కల వింటే కరిగిపోయేది కాదు.

“అక్కా, ఆ పొద్దు దడి మీద నువ్వు ఇసిరింది మొక్కల్నేనా?” అని అడిగింది.

 అవుననవచ్చు. అంటే పని జరిగిపోతుంది కూడా. నాంచారమ్మ ముళ్ళు గీరిన తన చెయ్యి చూసుకుంది.

“కాదు సుంకులూ. నిన్నే ఇసిరినా,” అన్నది.

సుంకులమ్మ ఏడ్చింది. తరువాత కొంగుతో మొహం తుడుచుకొని, “మొక్కలు నేనియ్యను. నేనే వచ్చి నాటుతా,” అన్నది.

ఎండ దిగాక ఇద్దరూ తోటలోకి వెళ్ళారు. చీపురు పక్కన పెట్టి, గట్టిపడిన నేలను గుల్ల చేసి, రాలిన ఆకులను తెచ్చి పాదుల్లో పరిచారు. గులాబీ మొదలుకు జానెడు ఎడం వదిలి చుట్టూ మరువం నాటారు. ఎంత దగ్గరవాళ్ళైనా మీదపడి కూర్చోకూడదని సుంకులమ్మ అన్నదట. నాంచారమ్మ నవ్విందట. మడి మాట ఎవరూ ఎత్తలేదు.

దడికి అవతల పూసిన గులాబీలు గుప్పెడే. వాటి నడుమ మరువమూ కనకాంబరాలూ చేర్చి సుంకులమ్మ దండ కట్టింది. మొక్కింది గులాబీ దండ కదా, ఇది చెల్లుతుందా అని నాంచారమ్మ ఆ దండను మళ్ళీ మళ్ళీ తడిమి చూసింది. పూజారి గర్భగుడి తలుపు తీసి అడుగు వెనక్కి వేశాడు. పొద్దున పీఠానికి ఆని ఉన్న ఎడమ పాదం పైకి లేచి ఉంది. దండ వేస్తే అది మొదటిసారిగా అమ్మవారి పాదాల దాకా జారింది. చివరన ఉన్న మరువపు కొస ఎత్తిన పాదం కిందికి పోయి కుదురుకుంది. సర్దుదామని పూజారి లాగితే రాలేదు. అందరికీ వెనుక నిలబడ్డ గంగన్న అక్కడి నుంచే, ఈరోజు అమ్మకు ఎన్ని రంగులు కట్టారే అన్నాడు. అంత దూరం నుంచి ఆయనకు రంగులు కనబడ్డాయి. నాంచారమ్మ అప్పుడు తోడికోడలి భుజం పట్టుకొని నిలబడింది.

గంగన్న ముసలితనంలో కూడా సూదిలో దారం తానే ఎక్కించేవాడని చెబుతారు. తొలివానకు తోటంతా చిగిర్చింది. దడిని ఆ ఏడే తీసేశారు.

నేటికీ అమ్మవారికి వట్టి గులాబీల దండ వేయరు. ప్రసాదంగా ఒక గులాబీ, ఒక మరువపు రెమ్మ కలిపి ఇస్తారు. దానిని కళ్ళకద్దుకుంటే కంటిజబ్బులు దరిచేరవని భక్తుల నమ్మకం. మాటలు తెగిన తోడికోడళ్ళు, అన్నదమ్ములు, ఇరుగుపొరుగువారు ఈ తోటకు జంటగా వస్తారు. ఒకరు గులాబీని, మరొకరు తోడుమొక్కను తెచ్చి ఒకే పాదులో నాటుతారు. భక్తులు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. నాటిన తరువాత నొచ్చుకున్నవారు రెండవవారిని సుంకులమ్మ అడిగిన మాటే అడగాలి. రెండవవారు నాంచారమ్మ చెప్పిన జవాబే చెప్పాలి. మొక్కలు మోసుకొని ఎంతో దూరం వచ్చినవారు కూడా ఆ చిన్నమాట దగ్గర ఆగిపోతుంటారు. కొందరు పొద్దు వాలేదాకా అలాగే కూర్చుంటారు. గుడివారు తొందరపెట్టరు. నిండు బిందె పక్కనే పెట్టుకొని వాళ్ళూ కూర్చుంటారు. ఆ మాట నోట వచ్చాకనే పాదుకు నీళ్ళు పోస్తారు.