జోలపాటకు ఎగిరిన ఉత్తరీయాలు

వినండి పిల్లలూ, పక్కన కూర్చున్న పెద్దలు కూడా వినండి. ఈ కథ చెప్పాలంటేనే నాకు కోపం వస్తుంది. అయినా చెబుతాను.

అనగనగా ఎప్పటి మాటో, కొండలకు ఇవతల, ఏటికి అవతల పద్మవరం అనే రాజ్యం ఉండేది. దాన్ని కంపభూపాలుడు ఏలేవాడు. ఆయనకు హేమవల్లి ఒక్కతే కూతురు. తల్లి లేని పిల్ల. బతికున్నన్నాళ్లూ ఆ తల్లి తంబుర మీటుతూ, ఒక జోలపాట పాడుతూ బిడ్డను నిద్రపుచ్చేది.

కన్నుమూసే ముందు రాణి ఆ తంబురను తనకు సంగీతం చెప్పిన పెద్దమాంబ చేతిలో పెట్టింది.

"నా బిడ్డ ఈ పాటను నాలాగా పాడిన రోజున దీన్ని దానికివ్వండమ్మా. అంతవరకూ ఎవరడిగినా ఇవ్వకండి" అంది.

హేమవల్లికి ఆ తంబుర కావాలి. అమ్మది కదా మరి! అందుకే పెద్దమాంబ దగ్గర పాఠానికి కూర్చుంది.

పెద్దమాంబకు ముక్కుమీదే కోపం. శ్రుతి కలవనిదే పాఠం మొదలుపెట్టదు. ఏ పాఠమైనా ముందు మెల్లగా పాడించేది, తర్వాత రెట్టింపు వేగంతో, ఆపైన దానికీ రెట్టింపు వేగంతో. వాటినే ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం అంటారు. హేమవల్లికి మూడో కాలమంటే ఇష్టం. గడగడా పాడేసేది. ఒకటో కాలానికి వచ్చేసరికి మాత్రం స్వరం మీద నిలవలేక గొంతు వణికేది, శ్రుతి జారేది.

"నిలువు! స్వరం మీద నిలువు!" అని గద్దించేది పెద్దమాంబ. "పరుగెత్తితే తప్పులు కనపడవనుకున్నావా?"

హేమవల్లి మూతి ముడుచుకునేది.

ఇక ఆ రాజసభ సంగతి. తలచుకుంటేనే ఒళ్లు మండుతుంది నాకు. రాజకుటుంబం వారు పాడినా, పద్యం చదివినా సభికులు భుజం మీది ఉత్తరీయం తీసి పైకి విసరాలి. అది అక్కడి ఆచారం. ఎవరిది అందరికంటే ఎత్తుకు ఎగిరితే వారికి రాజు తన చేత్తో తాంబూలం ఇచ్చేవాడు. ఆ తాంబూలం కోసం పెద్దపెద్ద మీసాలవాళ్లు ఇంటి పెరట్లో గుడ్డ విసరడం సాధన చేసేవారు! సభలో కూర్చున్నాక వాళ్ల చూపు పైకప్పు మీద, ధ్యాస చేతి మీద. పాట వినేదెవరు? ఎవరూ లేరు.

మొదటిసారి సభలో హేమవల్లి తొలి పాఠాలైన సరళీ వరుసలు పాడింది. అన్నీ మూడో కాలంలోనే. "భళా! భళా!" అంటూ ఉత్తరీయాలు ఎగిరాయి. మంత్రి చెన్నప్రగడది వెళ్లి స్తంభం మీది ఏనుగు బొమ్మకు చిక్కుకుంది. తాంబూలం ఆయనకే దక్కింది.

"ఒకటో కాలంలో పాడమ్మా" అంది పెద్దమాంబ. ఆ సందట్లో ఆమె మాట ఎవరికీ వినపడలేదు.

రెండోసారి హేమవల్లి గీతం పాడింది. అదీ పరుగే. సగంలో శ్రుతి తప్పి, తప్పిన దారినే చివరిదాకా పోయింది. ఉత్తరీయాలు ఇంకా ఎత్తుకు ఎగిరాయి.

పెద్దమాంబ లేచి నిలబడింది.

"ఆపండయ్యా! పిల్ల శ్రుతి తప్పింది. మీలో ఒక్కరికైనా వినపడలేదా? వినపడకపోతే మీరు చెవిటివాళ్లు. వినపడీ భళా అంటే దొంగలు!"

"ప్రభూ, రాకుమారికి ఇంత పేరు రావడం చూసి ఈవిడ ఓర్వలేకపోతోంది" అన్నాడు చెన్నప్రగడ.

రాజు కళ్లు ఎర్రబడ్డాయి. "నా బిడ్డను నలుగురిలో అవమానిస్తారా? మీ పాఠం ఇక చాలు. తంబుర ఇక్కడ పెట్టి వెళ్లండి."

"తంబుర రాణిగారు ఇచ్చింది. పాట వచ్చిన రోజున ఇస్తాను" అంది పెద్దమాంబ.

వెళ్లేముందు ఆమె హేమవల్లి వైపు చూసింది. తప్పు పాడానని ఆ పిల్లకు తెలుసు. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఎగిరే ఉత్తరీయాలు అంత అందంగా ఉన్నాయి మరి! రాణి ఆఖరి మాట కాబట్టి రాజు బలవంతం చేయలేదు. పెద్దమాంబ తంబుర చంకన పెట్టుకుని కోట దాటి వెళ్లిపోయింది.

వసంతోత్సవం వచ్చింది. పొరుగు రాజ్యపు రాణి కనకాంబ తన పసిబిడ్డతో వచ్చింది. బాజాల మోతకు ఆ పసివాడు నిద్రపోక ఒకటే గునుస్తున్నాడు.

"వాళ్లమ్మ పాడిన జోలపాటను మా అమ్మాయి పాడుతుంది. ఇట్టే నిద్రపోతాడు" అన్నాడు కంపభూపాలుడు గర్వంగా. పెద్దమాంబకు కబురు పంపాడు, తంబుర తెచ్చి ఇచ్చి పొమ్మని. ఆమె వచ్చి, పాట విన్నాకే ఇస్తానని తంబుర ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంది.

హేమవల్లి తంబుర వైపు చూసి పాట ఎత్తుకుంది. మొదటి పాదం మెల్లగానే పాడబోయింది. గొంతు వణికింది. భయపడి వేగం పెంచింది. ఇంకా పెంచింది. జోలపాటనండీ, జోలపాట! దాన్ని గుర్రంలా పరుగెత్తించింది. ఆ పాటకు నిద్రపోతున్న బిడ్డ కూడా లేచి కూర్చుంటుంది.

ఉత్తరీయాలు ఎగిరాయి. ఒకటి వచ్చి ఉయ్యాల మీద పడింది. పసివాడు గుక్కపట్టి ఏడ్చాడు. వాడికి తాంబూలం అక్కర్లేదు కదా!

"కాస్త మెల్లగా పాడమ్మా, మావాడు బెదిరాడు" అంది కనకాంబ.

హేమవల్లి మళ్లీ ఎత్తుకుంది, మెల్లగా. రెండో మాట దగ్గరే గొంతు జీరబోయింది. పాట ఆగిపోయింది.

అప్పుడు కూడా ఉత్తరీయాలు ఎగిరాయి! ఆగిపోయిన పాటకు "భళా!" అన్నారు!

హేమవల్లికి ఒళ్లంతా నిప్పు అంటుకున్నట్టయింది.

"ఏం విని విసిరారు?" అని అరిచింది. "నేను మధ్యలో ఆగిపోయాను. చెప్పండి, ఏం విన్నారు?"

సభికులు వంగి కిందపడ్డ ఉత్తరీయాలు ఏరుకోసాగారు.

"మీ మనసు నొచ్చుకోకూడదని, రాకుమారీ..." అని నసిగాడు చెన్నప్రగడ.

"నా మనసు కోసమా, తాంబూలం కోసమా? ఉయ్యాలలో పసివాడికి తెలిసింది మీకు తెలియలేదా? మీ భళాలు నమ్మి మా అమ్మ పాటను పోగొట్టుకున్నాను!"

తర్వాత తండ్రి వైపు తిరిగింది. "నాన్నగారూ, తప్పు చెప్పినావిడను మీరు గెంటేశారు. తప్పని తెలిసి నేను నోరు మూసుకున్నాను. నాకు ఒకటో కాలం రాదు. ఆ తంబుర నాది కాదు."

రాజు ఇవ్వబోయిన తాంబూలం పక్కన పెట్టేశాడు. హేమవల్లి గుమ్మం దాకా వెళ్లి పెద్దమాంబ కాళ్లు పట్టుకుని ఏడ్చింది.

పెద్దమాంబ కరిగిపోయిందనుకుంటున్నారా? లేదు. "ఏడుపు గొంతుతో శ్రుతి కలవదు. లే. రేపు తెల్లవారకముందే రా" అని, తంబుర తీసుకుని వెళ్లిపోయింది.

హేమవల్లి వెళ్లింది. సరళీ వరుసల నుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఒక్కో స్వరం మీద నిలబడింది. తిట్లు తింది. ఒక్కోసారి కోపంతో కోటకు వచ్చేసి, మర్నాడు మళ్లీ వెళ్లింది. ఇక సభలో రాజు తాంబూలం మాన్పించాడు. చేతులేం చేసుకోవాలో తెలియక సభికులు మెల్లగా వినడం మొదలుపెట్టారు.

ఏడాది తిరిగింది. మళ్లీ వసంతోత్సవం, మళ్లీ ఆ సభ. హేమవల్లి జోలపాట ఎత్తుకుంది, ఒకటో కాలంలో. పోయినేడు ఏడ్చిన పసివాడు తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, ఆమె ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయాడు. అలవాటు కొద్దీ చెన్నప్రగడ చెయ్యి ఉత్తరీయం మీదికి పోయింది, అక్కడే ఆగిపోయింది. రాజు మాత్రం తన ఉత్తరీయంతో కళ్లు తుడుచుకున్నాడు.

పాట అయింది. పెద్దమాంబ లేచి వచ్చి తంబురను హేమవల్లి ముందు పెట్టింది. ముఖం చిటపటలాడుతూనే ఉంది.

"చివరి చరణంలో శ్రుతి కాస్త తగ్గింది."

"తగ్గితే మరి తంబుర ఎందుకిస్తున్నారమ్మా?" అంది హేమవల్లి బెదురుతూ.

"మీ అమ్మకూ సరిగ్గా అక్కడే తగ్గేది" అంది పెద్దమాంబ. ఆ ఒక్క మాట దగ్గర ఆమె గొంతూ వణికింది. వెంటనే సర్దుకుని, "రేపు దాన్నీ సరిచేద్దాం. తెల్లవారకముందే రా!" అని కసిరింది.

కాబట్టి పిల్లలూ, వినకుండా పొగిడేవారి మెప్పు విద్యను పాడుచేస్తుంది. శ్రద్ధగా విని తప్పు చెప్పేవారి కోపమే విద్యను నిలబెడుతుంది.