బూలమ్మ అడుగాకు

గోదారి ఇంకా తన దారి తేల్చుకోని రోజులు. ఈ ఏడు ఇక్కడున్న ఇసక పైఏటికి ఇంకోచోట తేలే రోజులు. అప్పుడు ఏటి నడుమ ఒక లంక ఉండేది. పేరు కొంగలంక. ఆ లంక నిండా పొగాకు. ఆ పొగాకు నిండా ఆడకూలీలు. ఆ కూలీల్లో ఒకతి బూలమ్మ.

రాణీ కాదు, రాణి చెల్లెలూ కాదు. ఆకు కోసే మనిషి. మొగుడు పడవేసుకుని పోయి ఏట్లోనే ఉండిపోయాడు. ఆమెకున్నవి మూడు. ఒక గుడిసె, ఒక గంప, ఒక మట్టి గొట్టం. గొట్టమంటే జానెడు పొడుగు, చివర ఉసిరికాయంత గిన్నె. గిన్నెలో పొగాకు నలిపి వేసి, నిప్పు పెట్టి పీల్చాలి. లంకలో మగాళ్ళు చుట్టలు తాగేవాళ్ళు. బూలమ్మ మాత్రం గొట్టమే తాగేది. దానికో కారణం ఉంది.

పొగాకు మొక్కకి అడుగున మూడాకులుంటాయి. నేలకి రాసుకుని, ఇసక పట్టి, చిరుగులు పడి ఉంటాయి. చుట్ట చుట్టబోతే పిగిలిపోతాయి. అలాగని వదిలేస్తే మొక్కకి పురుగు పడుతుంది. తీయాలంటే నడుం రెండుగా విరిగేలా వంగాలి. అందుకని ఎప్పట్నించో లంకలో ఒక కట్టుబాటు ఉంది. పై ఆకు కామందుది. అడుగాకు వంగినవాళ్ళది.

ఆ ఆకు ఇంటికి తీసుకెళ్ళి అందరూ దోమలకి పొగ వేసేవాళ్ళు. బూలమ్మ వేయలేదు. ఎండలో పెట్టకుండా చూరు కింద నీడలో వేలాడదీసింది. ఆకు పచ్చదనం వదిలి గోధుమరంగు తిరిగేదాకా ఊరుకుంది. మంచుకి మెత్తబడి పదునుకొచ్చిన పొద్దున దించింది. తాటిబెల్లం నీళ్ళు అలా చిలకరించి, దొంతి పెట్టి, గోనె కప్పి మరిచిపోయింది. నలభై రోజులకి గోనె తీస్తే, వేపిన వేరుశెనక్కాయల వాసన గుడిసె దాటి వీధిలోకొచ్చింది.

చుట్టకి పనికిరాని ఆకు కాబట్టే నలిపి గొట్టంలో వేసింది. ఆ పొగ నాలుకని కరవదు. తల తిప్పదు. తాగినవాడి చేత గొప్పలు చెప్పించదు. గంజి తాగాక ఒకటి తాగితే, మళ్ళీ రేపు గంజి తాగాక తాగాలనిపిస్తుంది. అంతే దాని గొప్ప. చెప్పుకోడానికి చిన్నదే. రోజూ అలా అనిపించేవి మీ బతుకులో ఎన్ని ఉన్నాయో లెక్కేసుకుని అప్పుడు నవ్వండి.

బూలమ్మ అది దాచుకోలేదు. పక్కింటి సత్తెమ్మకి చెప్పింది, సత్తెమ్మ మరదలికి చెప్పింది, రెండేళ్ళలో లంకలో కూలి ఆడవాళ్ళందరి చేతుల్లోకీ గొట్టాలొచ్చాయి. మధ్యాహ్నం గంజి తాగి, ఆకు పందిరి నీడన వరసగా కూర్చునేవాళ్ళు. మొదటి చిటికె వదులుగా, రెండో చిటికె కుదురుగా, మూడో చిటికె బొటనవేలితో అదిమి. గొట్టం ఆరిందాకా ఎవరూ లేచేవాళ్ళు కారు.

గుమాస్తా సూరన్న వచ్చి అదిలించేవాడు. "ఏవమ్మా, పొద్దు వాలిపోతంది, ఇంకా పొగేనా?"

బూలమ్మ అనేది, "పొగ మాది, ఊపిరి మాది, తొందర దొరది. ఆ తొందర నువ్వు మోసుకెళ్ళి ఆయనకిచ్చెయ్, సూరన్న బాబూ."

లంక కామందు జగ్గప్పదొర. ఆయనకి వెండి హుక్కా ఉంది. దాంట్లోకి ఓడల మీద పొగాకొచ్చేది. అత్తరు కలిపింది ఒకటి, కుంకుమపువ్వు కలిపింది ఒకటి, ఏం కలిపారో ఎవరికీ తెలియంది ఒకటి. తాగినప్పుడల్లా దగ్గేవాడు. దగ్గి, ఆహా అనేవాడు. అంత ఖరీదు పెట్టాక ఆహా అనక చస్తాడా.

ఒక మధ్యాహ్నం గాలి ఇటు తిరిగింది. వేపిన శెనక్కాయల వాసన మేడెక్కింది. దొర కిందకి దిగొచ్చాడు.

"ఏమే బూలీ, ఏంటది?"

"అడుగాకండి, ఆయ్."

"ఏదీ, ఇటియ్యి."

తన గొట్టం కడిగి, నింపి ఇచ్చింది. దొర పీల్చాడు. దగ్గు రాలేదు. మళ్ళీ పీల్చాడు. దగ్గు రాలేదు. గొట్టం ఆరిందాకా అక్కడే, పందిరి నీడన, ఆ ఆడవాళ్ళ మధ్యే నిలబడిపోయాడు. ఆయన్ని అంతసేపు నోరు మూసుకుని ఉండగా చూడటం లంకకి అదే మొదటిసారి.

మరిక సంతోషించి ఊరుకున్నాడా? మర్నాడు సూరన్న డప్పు వేయించాడు. "ఈ ఏటినించి అడుగాకు కూడా దివాణానిదే. మూడాకులూ తెచ్చి మేడ దగ్గర పొయ్యాలి."

ఆడవాళ్ళు బూలమ్మ మొహం చూశారు. బూలమ్మ గంప నేల మీద బోర్లించి, దొర దగ్గరికి నడిచింది.

"దొరా, తమరికి కావాలంటే రోజూ ఒక గొట్టం నింపి పంపుతాను. ఆకు మాత్రం మాది."

"నా నేలలో మొలిచింది నీదెట్టా అవుద్దే?"

"వంగింది మేం కాబట్టి. దివాణానిదే అంటే దివాణమే వంగాలి. మా నడుములు పైఆకు దాకే వంగుతాయండి."

దొరకి కోపమొచ్చింది. కానీ అడుగాకు తీయకపోతే చేనంతా పురుగు పడుతుందని కోపం కన్నా ముందే గుర్తొచ్చింది. బూలమ్మకి ఆ సంగతీ తెలుసు.

"పోనీ పందెం వేసుకుందాం," అంది. "మూడేళ్ళు మేమే తీసి మీకు పోస్తాం. మీ మనుషుల చేత పదునుకి తెప్పించుకోండి. ఆ మూడేళ్ళలో ఏ ఏడైనా సరే, ఆ పొగ నలభై రోజులు, రోజూ మధ్యాహ్నం, మా ఎదురుగుండా తాగండి. ఒక్కరోజు బాగుందంటే చాలదు. ఒక్కరోజుకి ఎండుగడ్డి కూడా బాగుంటది. నలభై రోజులూ తాగారా, ఆకు మీదే, నేను లంక విడిచిపోతాను. తాగలేదా, అడుగాకు ఎప్పటికీ వంగినవాళ్ళది."

సత్తెమ్మ ఆమె చెయ్యి గిల్లింది. "లంక విడిచి ఎక్కడికి పోతావే బూలమ్మొదినా?"

"పోయేదాన్ని నేను కదా, వణుకు నీకెందుకు?"

దొర నవ్వాడు. "సరే. మరి ఎట్టా చెయ్యాలో చెప్పు, దాచకుండా."

"దాచడానికేముందండి. ఒకటి కుదిరాక ఇంకోటి చెప్తాను. ముందు నీడన ఆరబెట్టండి."

దొర లోపలికెళ్ళి ఆలోచించాడు. ఉత్త నీడేనా? నీడకి పైసా ఖర్చు లేదు కదా. ఖర్చు లేని దాంట్లో ఏముంటుంది? అసలు రహస్యం ఎక్కడో దాచేసింది ఇది. ఆకంతా మేడమీద ఎండలో పరిపించాడు. రెండు రోజుల్లో గలగలలాడేలా ఎండిపోయింది, లోపలి పచ్చి లోపలే ఉండిపోయింది. గొట్టంలో వేసి పీలిస్తే పచ్చిమిరపకాయ కొరికినట్టు నాలుక పొక్కింది. ఒక్కరోజు తాగాడు. రెండోరోజు కిందకి రాలేదు.

మొదటి ఏడు అలా పోయింది. ఆడవాళ్ళ దగ్గర ఆకు లేదు. అయినా మధ్యాహ్నం గంజి తాగి, బూలమ్మ తన ఖాళీ గొట్టం నోట్లో పెట్టుకుని పందిరి నీడన కూర్చుంది. ఆమె పక్కన సత్తెమ్మ కూర్చుంది. సత్తెమ్మ పక్కన మరదలు. వరసంతా ఖాళీ గొట్టాలతో కూర్చుంది.

సూరన్న పకపకా నవ్వాడు. "నిప్పు లేదు, పొగ లేదు, ఇంకేం తాగుతున్నారే?"

"పొగ లేదని ఊపిరి కూడా మానేస్తామా బాబూ? ఇదొదిలేస్తే, రేపు ఆకు తిరిగొచ్చినా కూర్చునే పొద్దు తిరిగి రాదు."

నవ్వు ఆరిపోయిన గుమాస్తా నీడన నిలబడితే బాగుండదని సూరన్న ఎండలోకి పోయాడు.

రెండో ఏడు దొర మళ్ళీ కబురెట్టాడు. "ఈసారి నిజం చెప్పు."

"నీడన ఆరబెట్టండి. తాటిబెల్లం నీళ్ళు చిలకరించండి. చిలకరించమన్నాను, తడపమన్లేదు."

నీడన ఆరబెట్టాడు, అది మట్టుకు నమ్మాడు. తాటిబెల్లం మాట వినగానే మొహం ముడిచాడు. కూలోళ్ళు తినే బెల్లమా? తేనె తెప్పించాడు, అత్తరు తెప్పించాడు, పన్నీరు తెప్పించాడు, మూడూ కడవల్తో పోయించాడు. ఆకు మీద బూజు లేచింది. బూజు మీద చీమలు లేచాయి. దొర పట్టుదలగా మూడు రోజులు తాగాడు. నాలుగోరోజు కడుపు పట్టుకుని పడుకున్నాడు.

మూడో ఏటికి బూలమ్మకి దగ్గు పట్టుకుంది. మనిషి సగమైంది. దగ్గు వచ్చిందంటే పొగ వల్లే అనే పెద్దమనుషులు అప్పుడూ ఉన్నారు. రెండేళ్ళ పైనుంచీ ఆమె గొట్టంలో పొగ లేదన్న సంగతి వాళ్ళకి పట్టలేదు. దొర ఈసారి సూరన్నని గుడిసెకే పంపాడు.

"నీడన ఆరబెట్టండి," అంది మంచం మీంచి. "తాటిబెల్లం నీళ్ళు చిలకరించండి. దొంతి పెట్టి, గోనె కప్పి, నలభై రోజులు మరిచిపోండి."

"ఇంతేనా?"

"ఇంతే. మరిచిపోవడమే మీ దొరకి కష్టం."

దొర అన్నీ చేశాడు. నీడా నమ్మాడు, బెల్లమూ నమ్మాడు. దొంతి పెట్టి, గోనె కప్పి, గదికి తాళం వేశాడు. వేశాక నిద్ర పట్టలేదు. ఎవరైనా ఎత్తుకుపోయారేమో. ఏమైనా మార్చేశారేమో. పొద్దున తాళం తీసి గోనె ఎత్తాడు, మధ్యాహ్నం ఎత్తాడు, సాయంత్రం ఎత్తాడు. గోనె ఎత్తినప్పుడల్లా దొంతిలో పుట్టిన వేడి ఆవిరైపోయేది. నలభై రోజులకి ఆకు ఆకులానే ఉంది. వాసన లేదు, రుచి లేదు. కరవలేదు, కానీ పలకరించనూ లేదు.

తొమ్మిది రోజులు తాగాడు. ఖాళీ గొట్టాల ఆడవాళ్ళు ఎదురుగా కూర్చుని చూశారు. ఎవరూ నవ్వలేదు. పదోరోజు దొర గొట్టం కింద పెట్టి, సూరన్నని కూడా వెంట పెట్టుకోకుండా, బూలమ్మ గుడిసెకి నడిచి వెళ్ళాడు. తల వంచకపోతే ఆ గుమ్మంలో దూరలేరు. వంచి దూరాడు.

"ఏం దాచావే?"

"మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ ఉన్నదే చెప్పాను. చవగ్గా చెప్పానని మీరే నమ్మలేదు దొరా."

దొర నులకమంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "సరే. అడుగాకు మీదే," అన్నాడు.

"గుడిసెలో నాకు చెప్తే చాలదండి. చేలో చెప్పండి. వంగి చెప్పండి."

మర్నాడు పొద్దున్నే నలుగురు ఆడవాళ్ళు బూలమ్మని మంచంతో సహా, వెనక నాటిన, ఇంకా అడుగాకు తీయని చేని గట్టు మీదకి తెచ్చారు. లంకంతా చూస్తుండగా జగ్గప్పదొర మొదటి సాల్లో మొదటి మొక్క దగ్గర వంగాడు. తలపాగా జారి ఇసకలో పడింది. తీసుకోబోతే నడుం పట్టేసింది. అలాగే వంగి మూడాకులు తుంచాడు. కళ్ళల్లో ఇసక పడింది. చేతికి జిగురంటింది. లేవలేక లేచి, ఆ మూడాకులూ బూలమ్మ ఒళ్ళో పెట్టాడు.

"అడుగాకు వంగినవాళ్ళది," అన్నాడు, అందరికీ వినబడేలా.

"ఇప్పుడు తమరు కూడా వంగారు," అంది బూలమ్మ. "ఆ మూడాకుల్లో తమరికీ ఒక గొట్టం వస్తది. నలభై రోజులు ఆగి రండి."

మిగతా అడుగాకుతో పాటు ఆ ఆకూ నీడన ఆరింది. పదునుకొచ్చింది. దొంతి ఎక్కింది. సత్తెమ్మ గోనె కప్పుతూ ఏడ్చింది. "ఇది తియ్యగానే మొదటి గొట్టం నీకేనే వదినా, అందాకా ఉంటావుగా?"

"ఉండను," అంది బూలమ్మ. "తొందరపడి గోనె మట్టుకు తియ్యకండి. నా కోసం తీస్తే ముగ్గురికీ కాకుండా పోద్ది, నాకూ నీకూ దొరకీ. నేను తాగకపోతేనేం, నా ఆకే కదా."

పదిహేనో రోజున పోయింది. గోనె ఎవరూ ఎత్తలేదు. నలభై రోజులకి ఎత్తితే, వాసన ఏటి అవతల పడవల వాళ్ళకి అందింది.

ఆ లంక ఇప్పుడు అక్కడ లేదు, గోదారి ఎత్తుకుపోయి ఇంకోచోట పెట్టింది. ఇసక మారింది కానీ కట్టు మారలేదు. ఇప్పటికీ ఆ వైపు లంకల్లో కోత మొదలయ్యే పొద్దున కామందు ఎంతటివాడైనా ముందు తనే వంగాలి. మొదటి మొక్కకి మూడాకులు తుంచి, కూలీల్లో పెద్ద వయసావిడ ఒళ్ళో పెట్టాలి. అప్పుడు గానీ ఒక్క చెయ్యి ఆకు మీద పడదు. నడుం నొప్పని చెప్పిన కామందుకి పీట వేస్తారు గానీ మినహాయింపు ఇవ్వరు.

మధ్యాహ్నం ఆ ఆడవాళ్ళు వరసగా కూర్చుంటారు. గొట్టం తాగేవాళ్ళు తాగుతారు, మానేసినవాళ్ళు ఊరికే కాళ్ళు చాపుకుంటారు. వరసకి మొదట్లో ఒక మనిషి పట్టే చోటు వదిలేస్తారు. పొద్దు వాలిపోతోందని ఎవడైనా వచ్చి అదిలించాడనుకోండి, ఒక్కరూ లేవరు, ఒక్కరూ కోప్పడరు. ఆ ఖాళీ చోటు వైపు గడ్డం తిప్పి చూపిస్తారు.

"ఉండవయ్యా," అంటారు. "బూలమ్మ ఇంకా లేవలేదు."