దాలయ్య దీపం

చెప్పండి, ఏం చూశారు? సభ మొదలయ్యే ముందు మైకుసెట్టు మనిషి ఏం చేశాడు? ఒక బల్బు వెలిగించాడు. అది భగ్గుమని మెరిసి, సన్నగిల్లి, నిప్పురవ్వంత అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు. తర్వాత రెండు చేతులూ తల మీదికి ఎత్తి, అడ్డంగా పెట్టి, దించాడు. అది చూసి నవ్వారా? నవ్వకండి. ముందు వినండి.

జనపనార పడవల్లో వచ్చేదో బళ్లలో వచ్చేదో ఎవరికీ గుర్తులేనంత వెనకటి కాలం. ఏటి ఒడ్డున ఒక జూటు మిల్లు ఉండేది. మిల్లు పక్కన కూలీల వాడ. ఆ వాడలో దాలయ్య అనే రేడియో మెకానిక్, అతని భార్య అసిరమ్మ ఉండేవారు. అసిరమ్మ మిల్లులో మగ్గం మీద పనిచేసేది.

ఆ మగ్గాల మోతకు పదేళ్లలో చెవులు సగం పోయేవి. ఇరవై ఏళ్లలో మొత్తం పోయేవి. అందుకే లోపల చేతులతో మాట్లాడుకునేవారు. నీళ్లకొక సైగ, బీడీకొక సైగ. చేతులు తల మీద అడ్డంగా పెడితే, మర ఆపమని. ఆ సైగ ఎవరు చేసినా సరే, చూసినవాడు మర ఆపాలి. ఎందుకని అడగకూడదు. అది వాళ్ల కట్టుబాటు. ఆ కట్టుబాటు వల్లే ఎందరికో చేతులు మిగిలాయి.

సభల్లో మాత్రం సైగలు చాలవు. ఎవరో ఏదో ఒప్పందం కాగితం చదివేవారు. ఎవరికీ వినబడేది కాదు. వేలిముద్ర వేసి ఇంటికి వచ్చేవారు. అలా ఒకసారి పండగ సెలవు పోయింది. ఇంకోసారి పసిబిడ్డలకు పాలిచ్చే వేళ పోయింది.

"ఏటి సదివినారే?" అని దాలయ్య ఆమె చెవిలో అరిచి అడిగాడు.

"నాకేటి తెలుసు? పెదాలు ఆడినాయి" అంది అసిరమ్మ.

ఆ మాటకే దాలయ్య ఆంప్లిఫయర్ కట్టడానికి కూర్చున్నాడు. తుక్కులో దొరికిన ట్రాన్స్‌ఫార్మరు, వేడి లాగడానికి ఒక అల్యూమినియం పలక, దాని మీద రెండు మాస్ఫెట్లు. మూడేసి కాళ్ల నల్ల బిళ్లలవి. సన్నటి గొంతును పెద్దది చేసేవి అవే. పొడిచేత్తో ముట్టుకుంటేనే చచ్చిపోయేంత సుకుమారం. ఒంట్లో పుట్టే సన్నటి కరెంటు పోయేలా కుళాయి గొట్టాన్ని ముట్టుకుంటే గానీ దాలయ్య వాటి మీద చెయ్యి వేసేవాడు కాదు. బిళ్లలోని కరెంటు పలకకు పాకకుండా మధ్య పల్చటి అభ్రకం రేకు పెట్టేవాడు.

"నన్నేనాడైనా అంత మెత్తగా ముట్టుకున్నావేటయ్యా?" అని అసిరమ్మ ఎత్తిపొడిచేది.

"నువ్వు అంత బేగి మాడిపోవు గదే!"

పెట్టె విప్పిన ప్రతిసారీ కరెంటును ముందు ఒక బల్బు గుండా పంపేవాడు. బల్బు మెరిసి తగ్గితే అంతా బాగున్నట్టు. నిండుగా వెలిగితే లోపల షార్టు ఉన్నట్టు. అప్పుడు విప్పాలి, వెతకాలి, మళ్లీ బల్బు పెట్టాలి.

మొదటి సభ అయింది. కూలీల సంఘం నాయకుడు జోగినాథం వచ్చాడు. "ముందు వరసకే ఇనబడతంది. పెంచు" అన్నాడు. దాలయ్య ఇంకో రెండు మాస్ఫెట్లు కట్టాడు. బల్బు మెరిసి తగ్గింది. వాడంతా వినబడింది. ఎన్నో ఏళ్లకు అసిరమ్మకు సభలో ఒక మాట పూర్తిగా వినబడింది. "సోదరులారా" అన్న మాట.

"మమ్మల్ని అన్లేదేటి?" అంది.

జోగినాథం మళ్లీ వచ్చాడు. "మిల్లు గేటుకు ఇనబడాల. పెంచు." దాలయ్య ట్రాన్స్‌ఫార్మరు మార్చాడు. బల్బు మెరిసి తగ్గింది. గేటుకు వినబడింది.

జోగినాథం మూడోసారి వచ్చాడు. "రేపు కొత్త ఒప్పందం సదువుతాం. మేనేజరు బంగళాకు ఇనబడాల. నా గొంతు ఇని ఆడు కంచం ముందు నుంచి లెగాల. పెంచు."

"బంగళాకేల అన్నా? ఇనవలసినోళ్లు ఈడున్నారు గదా."

"సెప్పింది సెయ్యి."

రెండు రోజుల పనికి ఒక పూట ఇచ్చారు. మర్నాడు ఎర్రటి ఎండలో వెయ్యి మంది కూర్చున్నారు. దాలయ్య బల్బు పెట్టాడు. బల్బు నిండుగా వెలిగింది. తగ్గలేదు.

"రేకు ఎక్కడో సిరిగింది. గంట టైమియ్యన్నా."

"గంటా? బల్బు తీసెయ్."

"తీయకూడదు."

"మిల్లోళ్లు నిన్ను కొనేసినారేటి?" అని జోగినాథం అందరి ముందూ అడిగాడు.

అతని మనుషులు బల్బు పీకేశారు. ఫ్యూజు కాలిపోతుందేమోనని దాని బదులు లావాటి తీగ చుట్టారు. వైర్లు తీసుకెళ్లి కరెంటు స్తంభానికే తగిలించారు. జోగినాథం మైకు పట్టుకున్నాడు.

దాలయ్య అరిచాడు. ఎవరికీ వినబడలేదు. అప్పుడతను రెండు చేతులూ తల మీదికి ఎత్తి అడ్డంగా పెట్టాడు.

వెయ్యి మంది చూశారు. వెయ్యి మందికీ ఆ సైగ తెలుసు. మిల్లులో అయితే ఒక్కరు కూడా ఎందుకని అడిగేవారు కాదు. ఇక్కడ వేదిక మీద నాయకుడు ఉన్నాడు. ఎవరూ కదల్లేదు. అసిరమ్మ లేచింది. పక్కనున్నామె కొంగు పట్టి లాగింది. "కూకో" అంది. అసిరమ్మ కూర్చుంది. ఆ ముక్క కూడా చెప్పాలి.

ట్రాన్స్‌ఫార్మరు మాడింది. కరెంటు పెట్టెకు పాకింది, పెట్టె నుంచి మైకుకు పాకింది. జోగినాథం మైకుకు అతుక్కుపోయాడు. అలాంటప్పుడు పట్టుకోకూడదని తెలిసినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. పట్టుకున్నదీ ఆ ఒక్కడే. జోగినాథాన్ని ఒక పక్కకు లాగిపారేశాడు. తాను ఇంకో పక్కకు పడ్డాడు. మళ్లీ లేవలేదు.

శవం మీద గుడ్డ కప్పారు. సభ ఆపలేదు. మిల్లు గుమస్తా మైకు లేకుండానే ఒప్పందం కాగితం చదివాడు. పెదాలు ఆడాయి. వేలిముద్రలు పడ్డాయి. అసిరమ్మ వేలు కూడా ఎవరో పట్టుకుని వేయించారు. చెవులు వినబడనివాళ్లను పనిలోంచి తీసెయ్యవచ్చని ఆ కాగితంలో ఉంది. చెవులు తిన్నది ఆ మిల్లే. మొదటి జాబితాలో అసిరమ్మ పేరుంది.

ఏటేటా ఆ రోజున సంఘం వాళ్లు దాలయ్య పటానికి దండ వేసేవారు. "నాకోసం ప్రాణమిచ్చినాడు" అని జోగినాథం బంగళాకు వినబడేలా చెప్పేవాడు. అసిరమ్మ ఆ సభకు ఎన్నడూ పోలేదు. ఒక బల్బు కొంగున కట్టుకుని ఊరూరా మైకుసెట్టు కొట్లకు తిరిగింది. బల్బు చూపించేది. చేతులు తల మీదికి ఎత్తి చూపించేది. దాలయ్య ఎలా పోయాడో చెప్పేది.

అందుకే ఈనాటికీ ఆ పక్క ఊళ్లలో బల్బు తగ్గందే మైకు ఇవ్వరు. తగ్గాక, ఆనాడు ఎవరూ పట్టించుకోని ఆ సైగను ఒకసారి చేస్తారు. ఆ బల్బును దాలయ్య దీపం అంటారు. అది నిండుగా వెలిగితే, ఎంతటివాడు వచ్చి నిలుచున్నా, "దాలయ్య ఒప్పుకోలేదు" అని వైరు చుట్టేసి కూర్చుంటారు.

విన్నారు గదా. ఇప్పుడు చెప్పండి. ఆ రోజు ఆ వెయ్యి మందిలో మీరూ ఉంటే, అసిరమ్మ లేచినప్పుడు, ఆమెతో పాటు లేచేవారా, కొంగు పట్టి లాగేవారా?