క్యారేజీ పెట్టనివ్వని చోటు

పొద్దున పదకొండు గంటలు. ఎండ. ఆకు కదలడం లేదు.

సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఆటో దిగాను. చేతిలో క్యారేజీ. కింది గిన్నెలో జొన్న రొట్టెలు, మధ్యలో గుత్తి వంకాయ, పైన పెరుగన్నం. మా పాప నిన్నటి నుంచి ఇంటికి రాలేదు. తిన్నావా అని ఫోనులో అడిగితే "ఊ" అంది. ఆ "ఊ" సంగతి నాకు తెలుసు.

పాప పేరు ఉలిగమ్మ. మా అత్త పేరు పెట్టుకున్నాం. ఎస్సై ఉద్యోగం వచ్చి ఇంకా రెండేళ్ళు కాలేదు.

అవతల కర్ణాటక. ఇవతల మేము. మధ్యలో తారు రోడ్డు, దాని మీద అటొకటి ఇటొకటి ఇనుప బారికేడ్లు. వాటి మధ్య ఒక్క బండి పట్టే సందు. ఆ సందులో, సరిగ్గా బండ్లు వచ్చే దారిలో, పాప నిలబడి ఉంది. ఒక చేతిలో లాఠీ అడ్డంగా పట్టుకుని ఉంది. రెండో చెయ్యి నడుం దగ్గర, పిస్తోలు మీద.

అంతకుముందు ఆ చెయ్యి అక్కడ ఉండేది కాదు. భీమన్నకు దెబ్బ తగిలాక అక్కడికి పోయింది.

భీమన్న పాప స్టేషనులోనే కానిస్టేబులు. పోయిన నెల ఒక వ్యాను ఆపి, అక్కడ అందరూ చేసే పనే చేశాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి లాక్కోబోయాడు. డ్రైవరు బండి కదిలించేశాడు. చెయ్యి లోపల, మనిషి బయట. రోడ్డు వెంట ఈడ్చుకుపోయాడు. భీమన్న కాలు విరిగింది. వ్యానులో మందు సీసాల పెట్టెలు ఉన్నాయంట. పాప పక్కనే ఉంది. అంతా చూసింది.

ఆ రోజు ఇంటికి వచ్చి స్నానానికి పోయి ఎంతసేపటికీ బయటికి రాలేదు. వచ్చాక ఒక్క మాట అంది.

"ఇంక ఎవర్నీ నమ్మనమ్మా."

అప్పటి నుంచి సందు మధ్యలో నిలబడుతోంది. పక్కన నిలబడి చెయ్యి చూపితే బైకు పిల్లోళ్ళు ఆపరంట. పైగా నవ్వుతారంట. "మేడమ్ బొట్టు పెట్టి పిలుస్తాంది, నిలబడ్రా!" అని అరుచుకుంటూ పోతారంట. ఎదురుగా మనిషి ఉంటే ఆపక చస్తారా అని పాప పంతం.

టార్పాలిన్ నీడలో బల్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. ఖాదర్‌వలి సార్. సర్కిల్ ఇన్‌స్పెక్టరు. ట్రైనింగు కాలేజీలో పాపకు పాఠం చెప్పినాయన. ఇంట్లో ఆయన పేరు ఎత్తాల్సి వస్తే, కూర్చుని ఉన్న పాప లేచి నిలబడి చెప్పేది.

"ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన పిస్తోలు ఒక్కసారి కూడా పేలలేదమ్మా" అని గొప్పగా చెప్పేది.

భీమన్న పడ్డాక అదే మాట ఇంకోలా చెప్పింది. "అట్లాంటి బండి ఆయనకు ఎదురుపడలేదు. అంతే."

నన్ను చూసి సార్ జరిగి చోటిచ్చారు.

"రా చెల్లెమ్మా, కూర్చో. వంకాయ కూరనా?"

"అవును సార్. మీకెట్లా తెలిసింది?"

"ఆటో దిగక ముందే వాసన దిగింది."

పాపను కేకేశాను. వచ్చింది. ముఖమంతా చెమట. కూర్చోలేదు. క్యారేజీ వైపు కూడా చూడలేదు. సార్ ఎదురుగా నిలబడింది.

"సార్, ఒకటి అడగాల."

"అడుగు తల్లీ."

"బండి ఆగకుండా మీదికొస్తే ఎంతవరకూ చూడాల? ఎప్పుడు పిస్తోలు తియ్యాల?"

సార్ వింటున్నారు.

"కాలేజీలో మీరు చెప్పిందంతా నాకు గుర్తుంది సార్. ఇక్కడ పనికి రావడం లేదు. ఎవడు ఊరికే వస్తాండాడో, ఎవడు చంపను వస్తాండాడో వాని ముఖాన రాసి ఉండదు కదా. తెలిసేలోపల భీమన్న రోడ్డు మీద ఉన్నాడు."

గొంతు పెద్దదైంది. బారికేడ్ల దగ్గర ఉన్న హోంగార్డులిద్దరూ ఇటు చూసి మళ్ళీ తల తిప్పుకున్నారు.

సార్ లేచారు. నా వైపు చెయ్యి చాపారు.

"చెల్లెమ్మా, ఆ క్యారేజీ ఇట్లియ్యి."

ఆకలిగా ఉందేమో అనుకున్నాను. ఇచ్చాను.

ఆయన క్యారేజీ పట్టుకుని ఎండలోకి నడిచారు. సందు మధ్యకి పోయారు. ఇందాక పాప నిలబడిన చోటుకే. వంగి క్యారేజీని రోడ్డు మీద పెట్టారు. పెట్టి, వెనక్కి తిరిగి నిదానంగా రాసాగారు.

"అయ్యో సార్! అక్కడ పెడతారా! బండ్లొచ్చే దారి! తొక్కేసి పోతారు!"

లేచి పరిగెత్తాను. చెప్పు ఊడిపోయింది. ఒంటి చెప్పుతోనే పోయి క్యారేజీ ఎత్తి ఎదకు పట్టుకున్నాను.

సార్ ఆగారు. నన్ను చూడలేదు. పాపను చూశారు.

"మీ అమ్మ పెట్టనివ్వలేదు" అన్నారు.

అంతే అన్నారు.

కాలి కింద తారు కాలుతోంది. అయినా నాకు అడుగు పడలేదు. ఆటో దిగినప్పుడు పాపను ఇదే చోట చూశాను. బిడ్డ ఎండలో నిలబడిందే అనుకున్నాను. అంతకన్నా ఏమీ అనుకోలేదు.

పాప ముఖం ఎర్రబడింది.

"నేను క్యారేజీని కాదు సార్. నాకు కళ్ళున్నాయి, కాళ్ళున్నాయి. పక్కకి దూకుతాను."

"దూకుతావులే" అన్నారు సార్. వచ్చి బల్ల మీద కూర్చున్నారు.

పాప తినలేదు. లాఠీ తీసుకుని మళ్ళీ పోయి అదే సందులో నిలబడింది. మా అత్త పేరు ఊరికే పెట్టలేదు.

నేను మూత విప్పబోతున్నాను. అప్పుడు అవతలి వైపు నుంచి తెల్ల కారు వచ్చింది.

మొదటి బారికేడు దగ్గర నెమ్మదించింది. పాప లాఠీ ఎత్తింది. "ఆపు!" అంది.

కారు ఆగలేదు. వేగం లేదు. కానీ ఆగలేదు. దొర్లుతున్నట్టు వస్తోంది. డ్రైవరు తల కిందికి పోయింది. అద్దం వెనక స్టీరింగు కనిపిస్తోంది, మనిషి కనిపించడం లేదు.

"ఆపు! చేతులు పైకి!"

పాప నడుం మీది చెయ్యి పిస్తోలు ఒర బొత్తాన్ని విప్పింది. కాళ్ళు మాత్రం కదలలేదు. దూకుతానన్న పిల్ల దూకలేదు. నేలకు అతుక్కుపోయినట్టు ఉంది.

మూత వదిలేసి లేచాను.

"క్యారేజీ!" అన్నారు సార్.

గట్టిగా అనలేదు. అయినా ఆ మాట పాప చెవిన పడింది. కాళ్ళు లేచాయి. బారికేడు వెనకకి పోయి పడింది. ఇంతసేపూ పాప నిలబడిన చోటు మీదుగా కారు దొర్లి, అవతల ఇసుక పోసిన డ్రమ్ముకు తగిలి ఆగింది. చక్రాల కింద లాఠీ పటుక్కుమంది.

పాప లేచింది. చేతిలో పిస్తోలు ఉంది.

నా కూతురి చేతిలో పిస్తోలు నేను అంతకుముందు చూడలేదు. దాని మూతి కారు వైపు ఉంది.

"చేతులు! చేతులు చూపియ్!"

లోపలి మనిషి ఇంకా వంగే ఉన్నాడు. కింద ఏదో గుంజుతున్నాడు.

సార్ ఎప్పుడు లేచారో నేను చూడలేదు. నడుస్తున్నారు. పరిగెత్తడం లేదు.

"ఆ బారికేడు వెనకనే ఉండు తల్లీ. పిస్తోలు మూతి నేలకి."

పాప చేతులు కిందికి దిగాయి.

సార్ కారు వెనక నుంచి పోయారు. డ్రైవరు తలుపు ఇంకా కాస్త ఉందనగా ఆగిపోయారు. బండికి ఎదురుగా పోలేదు. కిటికీలో చెయ్యి పెట్టలేదు. వెనక అద్దంలోంచి ఒకసారి లోపలికి చూశారు.

తర్వాత చేతులెత్తారు. ఆయనే. రెండు చేతులూ. కిటికీ పక్కన అరచేతులు అటూ ఇటూ తిప్పారు.

"నాయనా, ఇవి నా చేతులు. ఏమీ లేదు. చూసినావా? ఇప్పుడు నీవి చూపియ్యి. నిదానంగా. తొందరేం లేదు."

చేతులెత్తమని అడిగే మనిషి ముందు తన చేతులు ఎత్తడం నేనెక్కడా చూడలేదు. పాపా చూడలేదనుకుంటాను. అట్లాగే చూస్తూ ఉండిపోయింది.

కిటికీలో ఒక చెయ్యి లేచింది. ఖాళీ చెయ్యి. కాసేపటికి రెండోది లేచింది. దాంట్లో నీళ్ళ బాటిలు. నలిగిపోయి, నీళ్ళు కారుతూ.

"బ్రేకు కింద ఇరుక్కుంది సార్... తొక్కితే దిగలేదు సార్... తీద్దామని..."

మాట ఏడుపైపోయింది.

"మంచిది. తాళంచెవి తీసి బండి పైన పెట్టు. ఆఁ. ఇప్పుడు దిగు."

దిగాడు. పాప ఈడు పిల్లవాడు. బాటిలు ఇంకా చేతిలోనే ఉంది.

వెనక తలుపు తెరుచుకుని ఒకామె దిగింది. నా వయసే ఉంటుంది. దిగీ దిగంగానే కొడుకు వీపు మీద ఒకటి వేసింది.

"బాటిలు కాళ్ళ దగ్గర పడేయొద్దురా అని ఎన్నిసార్లు మొత్తుకున్యా! వింటివా? మీ నాయన బుద్ధే నీకూ!"

అప్పుడు పాపను చూసింది. పాప చేతిలోది చూసింది. గొంతు పడిపోయింది.

"అమ్మా, అది లోపల పెట్టుకో తల్లీ. నా కొడుకు మంచోడే. తిక్కలోడు, అంతే."

పాప పిస్తోలు లోపల పెట్టింది. బొత్తం ఒకంతట పడలేదు.

నేను ఆమెను నీడలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. నీళ్ళిచ్చాను. తాగలేకపోయింది. నా చెయ్యి పట్టుకుంది. ఆ ఎండలో ఆమె చెయ్యి చల్లగా ఉంది.

"మీ పాపనా?" అంది.

"ఊ."

"వాడు నాకొక్కడే."

"ఇదీ నాకొక్కతే."



పాప వచ్చి సార్ ముందు నిలబడింది. మోచెయ్యి దోక్కుపోయి రక్తం వస్తోంది. చూసుకోలేదు.

"కాల్చేదాన్ని సార్."

సార్ రోడ్డు వైపు చూశారు. విరిగిన లాఠీ ముక్కలు అక్కడే పడి ఉన్నాయి.

"అక్కడే నిలబడి ఉంటే నేనూ కాల్చేవాణ్ణే తల్లీ" అన్నారు.

పాప పోయి లాఠీ ముక్కలు ఏరింది. హోంగార్డులతో బారికేడ్లు జరిపించింది. డ్రమ్ములు తెప్పించి వాటి వెనక మనిషి నిలబడే చోటు చేయించింది. బండి అంత దూరాన ఉండగానే కనబడేట్టు ఎర్ర జెండా ముందుకు పెట్టించింది. హోంగార్డు ఒకాయన అలవాటు కొద్దీ సందులోకి పోబోయాడు.

"అన్నా! క్యారేజీ!" అంది పాప.

ఆయన ఉలిక్కిపడి వెనక్కి వచ్చాడు. సార్ టోపీ అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఒక బైకు వచ్చింది. ఇద్దరు పిల్లోళ్ళు. డ్రమ్ముల వెనక నుంచి పాప అరచెయ్యి చూపింది.

"ఏం మేడమ్, ఈ పొద్దు బొట్టు పెట్టి పిలుస్తాండావా?" అన్నాడు వెనక కూర్చున్నవాడు.

"పెడతాలేరా. ముందు పక్కకి ఆపి తాళంచెవి సీటు మీద పెట్టు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆపారు.

ఆ తర్వాత పాప తింది. సార్ ఒక రొట్టె తుంచుకున్నారు. ఆమె, ఆమె కొడుకు పెరుగన్నం తిన్నారు. ఆ పిల్లవాడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమలకుండా అట్లాగే కూర్చున్నాడు. పాప తన గ్లాసు వాడి ముందుకు జరిపింది. క్యారేజీ బల్ల మధ్యలో ఉంది.

సాయంత్రం ఇల్లు చేరాను. గాలి తిరిగింది. దూరంగా ఎక్కడో వాన పడ్డట్టుంది.

పాప వచ్చింది. గడప బయట బూట్లు విడిచింది. వాటి పక్కన కూర్చుని మోచేతికి పసుపు పెట్టాను. మంట అనలేదు.

కారులో వచ్చినామె ఫోను చేసింది. "చేరినాం అక్కా. వాడు పడుకున్యాడు. బాటిలు నేనే పట్టుకున్యా దారంతా."

సార్‌కు పాప ఫోను చేసింది. లేచి నిలబడి మాట్లాడింది. నమాజు చేసుకుని ఇప్పుడే లేచాను అన్నారంట. హోంగార్డులు డ్యూటీ దిగి ఇళ్ళకు పోయారంట. భీమన్న పోయిన వారమే ఆసుపత్రి నుంచి వచ్చాడు. కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచాడని వాళ్ళావిడ చెప్పింది.

క్యారేజీ కడిగి బోర్లించాను. చేతులు తుడుచుకుని గడపలో కూర్చున్నాను.

పాప. సార్. హోంగార్డులిద్దరు. ఆమె. ఆమె కొడుకు. భీమన్న.

మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. అందరూ ఉన్నారు.