గంతుల మండపం మహిమ

జొన్నగుట్టపల్లెలో బస్సు దిగి బడి ప్రహరీ పక్కగా నడిస్తే పిల్లల ఆటస్థలమూ, దాని నడుమ రాతి స్తంభాల మండపమూ కనిపిస్తాయి. లోపల విగ్రహం లేదు, హుండీ లేదు. దండం పెట్టుకుందామని వచ్చినవారికి కబడ్డీ ఆడే పిల్లలు అడ్డు తగులుతారు. వారిని కసురుకోరాదు, స్థల నియమం అదే.

పూర్వం ఇక్కడ వానలు ముఖం చాటేసి ఘోరమైన కరువు వచ్చింది. ప్రభుత్వం కరువు పనులు పెట్టి, జనం చేత రాళ్లు కొట్టించి, ఈ ఆటస్థలాన్నీ మండపాన్నీ కట్టించసాగింది. పని చేసినవారికి మధ్యాహ్నం గంజి పోసేవారు. చేయనివారికి పోయరాదని ఉత్తర్వు. చిన్నపిల్లలు రాళ్లు మోయలేరు కనుక వారికి గంజి లేదు. తల్లులు తమ వంతు బిడ్డలకు తాగించి, ఖాళీ కడుపుతో గంపలెత్తి సొమ్మసిల్లేవారు. పిల్లలు ఆడుకోవడానికి కడుతున్న చోట పిల్లలే పస్తులుండటం చూసి గంజి కాచే తిప్పక్క కడుపు రగిలిపోయింది. పని చూసే ఓవర్సీరు భీమసేనరావు చెడ్డవాడు కాడు. ఉత్తర్వు దాటితే నౌకరీ ఊడుతుందని భయపడేవాడు, అంతే.

మండపంలో మట్టి పోశారు. గచ్చు వేసే ముందు ఆ నేలను గట్టిపరచవలసిన రోజున తిప్పక్క వెళ్లి ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"సామీ, సుంకులమ్మ తల్లి కలలో కనపడింది. పిల్లోళ్లు తొక్కకపోతే ఈ నేల నిలబడదని చెప్పింది. తొక్కేది గూడా పనే గదా?"

అమ్మవారు నిజంగా కనిపించిందో లేదో అమ్మవారికీ తిప్పక్కకూ తెలియాలి. భీమసేనరావు మాత్రం నమ్మినట్టే తలూపాడు. ఊళ్లో పిల్లలందరూ మండపంలోకి దూకి, దుమ్ము లేచిపోయేలా గంతులు వేశారు.

మధ్యాహ్నం వరుసగా గంజి పోస్తూ తిప్పక్క ఒక తల్లి చంకలోని పసివాడి దగ్గర గరిటె ఆపింది. నడక రాని వీడు నేల తొక్కలేదు, పోయాలా వద్దా అని ఓవర్సీరును అడిగింది. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన బూట్లు విప్పి, బిడ్డను ఎత్తుకుని, మండపంలోకి వెళ్లి గంతులు వేశాడు. తలపాగా ఊడిపడినా ఆగలేదు. నవ్వడం మరిచిపోయిన జనం పగలబడి నవ్వారు.

"వీనికీ పొయ్యి తిప్పక్కా" అన్నాడు రొప్పుతూ.

నేటికీ వేసవి సెలవులు మొదలయ్యే రోజున ఇక్కడ గంజి కాస్తారు. ఇంకా నడక రాని ఒక బిడ్డను ఎత్తుకుని, ఆ రోజు వచ్చిన ప్రభుత్వ అధికారి గంతు వేసేదాకా గరిటె కదలదు. మోకాళ్ల నొప్పులని తప్పించుకోజూసినవారు లేకపోలేదు కానీ పిల్లలు వదలరు. ఆ తరువాత ఎవరు, ఏమి పని చేశారని అడగకుండా వచ్చినవారందరికీ పోస్తారు. ఇక్కడ గంతు వేసిన బిడ్డకు ఆకలి బాగా వేస్తుందనీ, ఆకలి వేసిన ప్రతిసారీ అన్నం దొరుకుతుందనీ భక్తుల నమ్మకం.