పెట్టెలో పెట్టిన ముద్ర

ఎప్పుడో నేర్చిన విద్యను చూసుకుని ఇంకా మీసం మెలేస్తున్న పెద్దమనిషీ, సిగ్గుపడు! రాజుగారి కోశాగారానికి తాళాల అధికారి శరభాచారి కూడా నీలాంటివాడే.

ఆ రాజ్యంలో తాళాలు చేసేవాళ్లు మూడేళ్లకోసారి కమ్మరుల సభకు వెళ్లి, కొత్త పనితనం నేర్చుకుని, తమ అర్హతకు గుర్తైన రాగి ముద్రను మార్పించుకోవాలి. శరభాచారి పన్నెండేళ్లుగా అటు తొంగిచూడలేదు. మనిషిని పంపి ముద్ర తెప్పించుకునేవాడు.

సభకు వెళ్లివచ్చిన పేద కమ్మరి వీరోజు, కోశాగారం తాళాలు పాతబడ్డాయని కొలువులో విన్నవించాడు.

"నాకే నేర్పుతావట్రా? వీడి కొలిమి ఆర్పించండి, ప్రభూ!" అన్నాడు శరభాచారి.

కొలిమి ఆరితే పిల్లలకు కూడు ఉండదు. అయినా వీరోజు చేతులు జోడించాడు. "అయ్యగారి ముద్ర మీద ఏమని ఉంది, ప్రభూ?"

"ఏ తాళమైనా తీయగలడని," అన్నాడు రాజు.

వీరోజు ఆ ముద్రను అడిగి పుచ్చుకుని, కొత్త పనితనంతో తాను చేసి తెచ్చిన ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాడు. "ముద్ర చెప్పేది నిజమైతే అయ్యగారే తీసుకుంటారు. తీసుకోలేకపోతే అది లోపలున్నా నష్టం లేదు."

శరభాచారి పొద్దు వాలేదాకా చెమటలు కక్కాడు. తాళం చలించలేదు. వీరోజు సన్నని చువ్వ తాకించగానే పెట్టె పువ్వులా విచ్చుకుంది. రాజు సింహాసనం దిగివచ్చి, ఆ తాళాన్ని దేవుడి ముందు దీపాన్ని చూసినట్టు చూస్తూ నిలబడిపోయాడు.

శరభాచారికి పదవి పోయింది. మరుసటి సభలో అతడు అందరికంటే వెనక నేలమీద కూర్చుని, వీరోజు చెప్పే పాఠాన్ని మొదటినుంచి నేర్చుకున్నాడు.